పులికాట్ తీర యాత్రల్లో మార్గదర్శి స్థానం: ప్రకృతి, సంస్కృతి పర్యాటకంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
నెల్లూరు తీరంలోని పులికాట్ సరస్సు, నేలపట్టు, శ్రీహరికోట, దుగరాజపట్నం పరిసరాలు ప్రకృతి దర్శనమూ సంస్కృతి పరిచయమూ కలిసిన మార్గదర్శక యాత్రలకు అనువైన ప్రాంతం. ఇటువంటి యాత్రలో యాత్రికుడు వసతికి ఎంత వెల చెల్లిస్తాడో, తాను చూస్తున్నదాని వివరణకూ అంతే వెల చెల్లిస్తాడు. ఆ వివరణకు ఆధారమైన జ్ఞానం ఎవరిది, దానిని చెప్పే అధికారం ఎవరికి దక్కుతోంది, ఫలం ఎవరికి చేరుతోంది అనే ప్రశ్నలను యానాదుల అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పులికాట్, నేలపట్టు, యానాదులు, మార్గదర్శి, పర్యావరణ పర్యాటకం, స్థలనామాలు, జెర్డన్.

1. ఉపోద్ఘాతం

ఆస్ట్రేలియా నడిమి ఎడారిలో ఉలురు శిల చుట్టూ సాగే ఖరీదైన యాత్రలు, గుజరాత్‌లో కచ్ రణ్ ఉప్పునేలపై ధోర్డో గ్రామం వద్ద ఏటా వెలిసే గుడారాల నగరం పర్యాటకరంగంలో ఒకే కోవకు చెందినవి. నిర్మానుష్యంగా కనిపించే నేల, ఎల్లలులేని ఆకాశం, వాటి నడుమ సకల సౌకర్యాలతో కూడిన బస, వెంట నడిచే ఒక మార్గదర్శి ఈ యాత్రల ప్రధానాంగాలు. చిన్న బృందాలకే పరిమితమై, ఒక్కొక్క స్థలంలో గంటలకొద్దీ నిలిచి, చెట్టునూ పిట్టనూ పురాకథనూ కలిపి వివరించడం వీటి పద్ధతి. 2005లో ఆరంభమైన రణ్ ఉత్సవం ఈ నమూనాను భారతీయ పాఠకులకు పరిచితం చేసింది.

కచ్ రణ్‌కూ నెల్లూరు తీరానికీ నడుమ ఒక సజీవ సంబంధం ఉంది. భారతదేశంలో పెద్ద ఫ్లెమింగోలు మందలు మందలుగా గూళ్లు కట్టి పిల్లలను లేపే ప్రసిద్ధ స్థలం ఆ ఎడారి ఉప్పునేలే. అదే జాతి పక్షులు శీతకాలంలో పులికాట్ లోతులేని నీళ్లలో వేలాదిగా మేస్తాయి. నెల్లూరు తీరంలో ఎడారి లేదు. అయితే వేసవిలో సరస్సు ఉత్తర భాగం ఎండి, ఉప్పు పేరిన బురదనేల కనుచూపుమేర పరచుకొన్నప్పుడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే దారి ఎడారి దారినే తలపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవన వర్షాలతో ఆ నేలే మళ్లీ జలరాశి అవుతుంది. ఒకే చోట ఆరు నెలల వ్యవధిలో రెండు భిన్న దృశ్యాలు కనిపించే ఈ ప్రాంతంలో మార్గదర్శక యాత్రకు కావలసిన వస్తువు పుష్కలంగా ఉంది. ఆ వస్తువును వివరించవలసినవారు ఎవరన్నదే తేలవలసిన విషయం.

2. మార్గదర్శి: దారి చూపడం, అర్థం చెప్పడం

పర్యాటక సమాజశాస్త్రంలో ఎరిక్ కోహెన్ 1985లో ప్రకటించిన వ్యాసం ఈ చర్చకు ఉపకరిస్తుంది. ఆధునిక పర్యాటక మార్గదర్శి పాత్రకు రెండు మూలాలున్నాయని ఆయన ప్రతిపాదన. మొదటిది తెలియని నేలలో దారి చూపే స్థానికుడి పాత్ర. రెండవది చూస్తున్నదాని అర్థాన్ని బోధించే గురుతుల్యుడి పాత్ర. అంతకు ముందే 1957లో అమెరికా జాతీయోద్యానాల అనుభవంతో ఫ్రీమన్ టిల్డెన్ ‘వ్యాఖ్యానం’ అనే భావనను ప్రతిపాదించి, సమాచారం అందించడం వేరు, వస్తువులోని అర్థాన్ని వెల్లడించడం వేరు అని నిరూపించాడు.

ఈ రెండు పాత్రలు ఒకే వ్యక్తిలో కలవడం అరుదు. వలస పాలనాకాలం నుంచి నేటి వరకు స్థానికుడికి మొదటి పాత్ర, బయటినుంచి వచ్చిన విద్యావంతుడికి రెండవ పాత్ర దక్కుతూ వచ్చాయి. పడవ నడిపేవాడు ఒకడు, మైకు పట్టి చెప్పేవాడు మరొకడు. నెల్లూరు తీరంలో ఈ విభజనకు దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది.

3. జెర్డన్‌కు చూపినవారు

థామస్ కావర్‌హిల్ జెర్డన్ 1840ల తొలి సంవత్సరాల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. భారతీయ పక్షిశాస్త్రానికి పునాది వేసినవారిలో ఆయన ఒకడు. 1843–47 మధ్య మద్రాసులో వెలువడిన ఆయన చిత్రసంపుటిలో దక్షిణభారత పక్షుల చిత్రాలు యాభై ఉన్నాయి. వాటిని గీసినవారిలో భారతీయ చిత్రకారులున్నారు. 1862–64 నాటి ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో ఒక్కొక్క పక్షికి శాస్త్రీయనామంతోపాటు దేశభాషా నామాలనూ ఆయన నమోదు చేశాడు. వాటిలో తెలుగు నామాలు గణనీయంగా ఉన్నాయి. నెల్లూరులో ఉన్న కాలంలో స్థానిక జీవజాతుల గురించి ఆయన యానాదులనుంచి సమాచారం సేకరించాడు.

ఈ సంగతి పక్షిశాస్త్ర చరిత్రల్లో ఒక వాక్యంతో ముగిసిపోతుంది. నిజానికి ఇది ఆగి చూడవలసిన వాక్యం. ఏ పిట్ట ఏ పొదలో గుడ్లు పెడుతుందో, ఏది తెల్లవారకముందు కూస్తుందో, ఏది ఏ నెలలో వచ్చి ఏ నెలలో పోతుందో వేటమీద బతికే యానాదికి తెలిసినంతగా సివిల్ సర్జన్‌కు తెలియడానికి అవకాశం లేదు. జ్ఞానం యానాదిది, గ్రంథం జెర్డన్‌ది. పక్షికి కూడా జెర్డన్ పేరే వచ్చింది. నెల్లూరు, కడప ప్రాంతాల పక్షిగా 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి నేటికీ అంతర్జాతీయంగా జెర్డన్ పేరుతోనే వ్యవహారంలో ఉంది. 1900 తరువాత కనిపించక, అంతరించిపోయిందని భావించిన ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లాలో తిరిగి లభించింది. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ అన్వేషణ సాగిస్తుండగా దానిని పట్టి చూపినవాడు స్థానికుడైన ఒక వేటగాడు. నూటముప్పై ఏండ్లకు పైబడిన వ్యవధిలో పాత్రల పంపకం మారలేదు.

యానాదుల జీవనంపై రచనలు తక్కువేమీ కాదు. బాస్వెల్ రచించిన 1873 నాటి నెల్లూరు జిల్లా మాన్యువల్, థర్‌స్టన్ 1909లో ప్రకటించిన కులాలు, తెగల సంపుటాలు, నెల్లూరు సీమలో యానాదుల ఉద్ధరణకు కృషిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వెలువరించిన ‘ది యానాదీస్’, ఎన్. సుధాకర్ రావు 2002 నాటి మానవశాస్త్ర గ్రంథం ముఖ్యమైనవి. వీటన్నిటి మూలభాష ఆంగ్లం. యానాదుల మాటలు తెలుగువి. వాటిని భద్రపరచిన పుస్తకాలు ఆంగ్లానివి. మార్గదర్శి శిక్షణకు తెలుగులో ఒక చేతిపుస్తకం తయారుచేయదలచినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

4. సరస్సును చదవడం

పులికాట్ దేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. సగటు లోతు సుమారు ఒక మీటరు మాత్రమే. దక్షిణాన ఆరణి, పడమట కాళంగి నదులు, ఉత్తరాన స్వర్ణముఖితో ముడిపడిన వాగులు మంచినీటిని తెస్తాయి. తూర్పున శ్రీహరికోట దీవి సముద్రానికి అడ్డుకట్టగా నిలుస్తుంది. మద్రాసుకు సరుకులు చేరవేసిన బకింగ్‌హామ్ కాలువ ఈ జలాల వెంటే సాగింది.

యాత్రికుడికి ఈ భౌగోళిక వివరాలు కరపత్రంలో దొరుకుతాయి. మార్గదర్శి అవసరం అక్కడినుంచి మొదలవుతుంది. సరస్సు ప్రాణం దాని ముఖద్వారాల్లో ఉంది. రాయదొరువు, దుగరాజపట్నం, తమిళనాడు వైపు పళవేర్కాడు వద్ద సముద్రపు నీరు లోనికి వస్తుంది. ఇసుక మేట వేసి ముఖద్వారం పూడిపోతే ఆటుపోటుల రాకపోకలు ఆగి, సరస్సు ఒక ఋతువులో మితిమీరి ఉప్పదేరి, మరొక ఋతువులో చప్పబడుతుంది. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు సరస్సులోకి వచ్చి పెరిగి, గుడ్లు పెట్టడానికి తిరిగి సముద్రానికి పోవాలి; దారి మూసుకుంటే ఆ చక్రం తెగిపోతుంది. ఇసుక మేటలు తొలగించాలని మత్స్యకారులు ఏండ్లతరబడి కోరుతున్నది ఇందుకే. ఫ్లెమింగో మేత కూడా ఈ నీటి లెక్కపైనే ఆధారపడింది. తల తలకిందులుగా ముంచి, వంకరముక్కుతో బురదనీటిని వడగట్టి, సూక్ష్మమైన నాచులనూ చిన్న క్రిములనూ రొయ్యజాతి జీవులనూ తినే ఈ పక్షికి మోకాలిలోతు నీరే అనుకూలం. దాని రెక్కల గులాబి వన్నె ఆ మేతలోని వర్ణద్రవ్యాలనుంచి వచ్చినదే. గులాబి మందను ఛాయాచిత్రం తీసుకొని వెళ్లే యాత్రికుడికి ఆ వన్నెకూ రాయదొరువు ఇసుకమేటకూ ఉన్న సంబంధం తెలియజెప్పినప్పుడే యాత్ర వ్యాఖ్యానస్థాయికి చేరుతుంది.

స్థలనామాలు ఇక్కడ మరొక పాఠ్యపుస్తకం. ‘దొరువు’ అంటే తీరపు ఇసుకనేలలో తవ్వుకొన్న మంచినీటి గుంట. ఇసుకపొరలో, ఉప్పునీటి పైన తేలి నిలిచే వాననీటిని అడుగు తగలకుండా చేది, నారుమళ్లకూ కూరపాదులకూ పోసే దొరువు సాగు నెల్లూరు, ప్రకాశం తీరాల ప్రత్యేకత. రాయదొరువు పేరులో ఆ మాట మిగిలి ఉంది. ‘తిప్ప’ అంటే నీటి నడుమ మెరకగా నిలిచిన నేల. అటకానితిప్ప పేరు సరస్సు మట్టాన్ని చెబుతుంది. ‘కుప్పం’ బెస్తపల్లెను సూచిస్తుంది. తమిళం, తెలుగు కలిసిపోయిన ఈ పేర్లు సరిహద్దు గీతకు ఎంతో ముందువి. సరిహద్దుకు దక్షిణాన మత్స్యకారులు వేటస్థలాలను వంతులవారీగా పంచుకొనే ‘పాడు’ కట్టుబాటు నేటికీ పరిశోధకుల దృష్టిని ఆకర్షిస్తోంది.

తీరచరిత్ర విషయంలోనూ ఈ ప్రాంతం సంపన్నమే. కొత్తపట్నంలో దొరికిన చైనా పింగాణీ పెంకులు మధ్యయుగాల సముద్రవాణిజ్యానికి సాక్ష్యాలు. పళవేర్కాడులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఆర్మగాన్ పేరుతో ఆంగ్ల పత్రాల్లో కనిపించే దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1620ల మధ్యలో వర్తకస్థావరం నెలకొల్పింది. మద్రాసుకు కోట కట్టే ముందు ఆంగ్లేయుల విడిది ఇదే. మద్రాసు మహానగరమైంది, దుగరాజపట్నం పల్లెగా మిగిలింది.

5. నేలపట్టు: గ్రామం పక్షులకు ఇచ్చిన చోటు

పులికాట్‌నూ నేలపట్టునూ 1976లో పక్షి సంరక్షణ కేంద్రాలుగా ప్రకటించారు. నేలపట్టు విస్తీర్ణం 458.92 హెక్టార్లు. చెరువు నీటిలో మునిగి నిలిచే కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, గుడ్డికొంగలు అదే చెరువును ఆశ్రయిస్తాయి. చెట్టు కింద నీరు ఉన్నంతకాలం గూటికి రక్షణ. నీరు ముందుగానే ఇంకిపోతే కుక్కలు, నక్కలు చెట్టు మొదటికి చేరగలవు. అందుచేత ఈశాన్య రుతుపవనం ముఖం చాటేసిన ఏట గూళ్లూ తగ్గుతాయి. పిల్లలకు మేత తేవడానికి గూడబాతులు పులికాట్‌కూ చుట్టుపక్కల చెరువులకూ ఎగిరిపోతాయి. ఈ రెండు కేంద్రాలూ కాగితంపై వేరైనా పక్షి దృష్టిలో ఒకటే ఊరు.

ప్రకటన వెలువడక ముందే నేలపట్టు గ్రామస్థులు ఈ పక్షులను కాపాడుతూ వచ్చారు. పక్షుల రాకను శుభసూచకంగా భావించడం ఒక కారణం; వాటి రెట్టతో బలసిన చెరువునీరు వరిపొలాలకు ఎరువుగా పనికిరావడం మరొకటి. విశ్వాసమూ సేద్యపు లాభమూ ఇక్కడ విడదీయరానివి. పర్యాటక ప్రచారంలో మొదటిదే ఎక్కువగా వినిపిస్తుంది, అది కథగా చెప్పడానికి బాగుంటుంది కనుక. రెండవదాన్ని చెప్పినప్పుడే గ్రామస్థుడు భక్తుడిగా మాత్రమే గాక నేల లెక్క తెలిసిన రైతుగా కనిపిస్తాడు.

6. శ్రీహరికోట: చూసే హక్కు

శ్రీహరికోట అడవిని 1835లో కంపెనీ ప్రభుత్వం స్వాధీనపరచుకొంది. మద్రాసు నగరానికి వంటచెరకు సరఫరా చేయడం దాని లక్ష్యం. అప్పటికి ఆ దీవిలో యానాదులు ఇల్లు కట్టక, సేద్యం చేయక, దుంపలూ తేనే చేపలూ ఆధారంగా జీవిస్తున్నారని అధికారుల నివేదికలు చెబుతున్నాయి. అటవీ ఫలసేకరణకు వారిని కూలీలుగా మలచుకొనే ప్రయత్నాలు నాటినుంచే సాగాయి. 1969లో రాకెట్ ప్రయోగకేంద్రానికి ఈ దీవి ఎంపికైంది. 1971 అక్టోబరు 9న తొలి పరిశోధక రాకెట్ రోహిణి ఇక్కడినుంచి ఎగిరింది. సుమారు 43,360 ఎకరాల ప్రాంతం కేంద్రం అధీనంలోకి రాగా, యానాదుల సంచారజీవనం కాలనీలకు పరిమితమైంది. కొందరు దీవిలోనే పునరావాసం పొందారు, కొందరు సరస్సు ఇవతలకు చేరారు.

జనసంచారం తగ్గడంవల్ల దీవి అడవి నిలిచిందన్న వాదన ఉంది. తీరం వెంట మరెక్కడా లేనంతగా ఇక్కడి సతతహరిత పొదవనం దట్టంగా ఉన్నమాట నిజమే. అయితే శతాబ్దాలపాటు ఆ అడవిలో ఉంటూ దానిని చెరపనివారే బయటికి పోవలసివచ్చిందన్న వైరుధ్యం ఆ వాదనలో మరుగునపడుతుంది.

2002లో ఈ కేంద్రానికి సతీశ్ ధావన్ పేరు పెట్టారు. 2019లో ఐదువేలమంది కూర్చోగల సందర్శకుల వేదిక తెరుచుకొంది. ఏప్రిల్ 1న పీఎస్ఎల్‌వీ-సి45 ప్రయోగాన్ని అక్కడినుంచి ప్రజలు ప్రత్యక్షంగా చూశారు. ప్రయోగాలకు ముందు శాస్త్రజ్ఞులు సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించడం, ఆ గుడి తలుపులు ఎన్నడూ మూయరన్న ప్రసిద్ధి, సరస్సులోని వేనాడు దర్గాకు హిందూ ముస్లిములు కలిసి పోవడం వంటివన్నీ సంస్కృతి యాత్రకు తగిన ఘట్టాలే. రాకెట్టు, పక్షి, దేవత ఒకే రోజు కార్యక్రమంలో ఇమిడే చోటు దేశంలో మరొకటి లేదనవచ్చు. ఆ కార్యక్రమంలో యానాది ఎక్కడ కనిపిస్తాడు అన్నది ప్రశ్న. సాధారణంగా అతను కనిపించడు. కనిపించినా పాములు పట్టేవాడిగా, మూలికలు అమ్మేవాడిగా ఒక దృశ్యమై కనిపిస్తాడు. పర్యాటకుల ఎదుట ప్రదర్శించడానికి ‘అసలుతనాన్ని’ రంగస్థలంపై పేర్చిపెట్టే తీరును డీన్ మెకానెల్ 1973లోనే విశ్లేషించాడు. ఆ విశ్లేషణ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

7. పండుగ, యాత్ర

ఫ్లెమింగో పండుగ 2001లో మొదలైంది. కొన్నేండ్ల విరామం తరువాత 2025 జనవరి 18నుంచి 20వరకు తిరిగి జరిగింది. సూళ్లూరుపేట సభాస్థలి, నేలపట్టు పక్షికేంద్రం, భీములవారిపాళెం పడవల రేవు దాని ముఖ్య వేదికలు. పులికాట్‌ను రాష్ట్రప్రజలకు పరిచయం చేసిన ఘనత ఈ పండుగదే. పాఠశాల విద్యార్థులు వేలాదిగా తొలిసారి దూరదర్శినితో పక్షిని చూసేది అప్పుడే. అయితే మూడురోజుల జనసమ్మర్దం, ధ్వనివర్ధకాలు, మరపడవల రొద నడుమ మార్గదర్శకత్వానికి చోటు తక్కువ.

విలాసవంతమైన చిన్నబృంద యాత్ర ఈ లోపానికి విరుగుడుగా ప్రచారంలోకి వస్తోంది. 2024–29 రాష్ట్ర పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా కల్పించడంతో పెట్టుబడికి దారి ఏర్పడింది. తక్కువమంది, ఎక్కువ రుసుము, తక్కువ రొద అన్న సూత్రం పక్షులకు మేలే. కాని నెల్లూరు తీరానికి బయటి పెట్టుబడి కొత్త కాదు. 1990ల రొయ్యల చెరువుల విజృంభణ ఏ రీతిగా సాగిందో, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీరమండలంలోని చెరువులపై ఏ తీర్పు ఇవ్వవలసివచ్చిందో జిల్లావాసులు మరువలేదు. బస కొనేవాడికి తీరం ఏకాంతంగా కనిపించాలంటే, ఆ తీరంలో వల ఆరబెట్టుకొనేవాడిని పక్కకు జరపవలసివస్తుంది. ఏకాంతం అనే సరుకుకు ఉన్న దాగిన వెల ఇది.

8. పాత్ర మారిన సందర్భాలు

చిలికా ఉత్తరపు అంచున ఉన్న మంగళజోడి ఒకప్పుడు పక్షివేటకు పేరుపడ్డ గ్రామం. 2000లో అక్కడి వేటగాళ్లు పక్షి రక్షణ సమితిగా ఏర్పడ్డారు. నేడు వారే వెదురుగడతో పడవ నెడుతూ పక్షుల పేర్లు, అలవాట్లు చెబుతారు. దారి చూపడం, అర్థం చెప్పడం ఒకే వ్యక్తికి దక్కిన అరుదైన ఉదాహరణ ఇది. వేటగాడి చూపు సంరక్షకుడికీ అక్కరకు వస్తుందన్న విషయం యానాదులకూ సమానంగా వర్తిస్తుంది. మన రాష్ట్రంలో మారేడుమిల్లి, తలకోన ప్రాంతాల్లో వన సంరక్షణ సమితులు బసలు నిర్వహించిన అనుభవం ఉంది. పులికాట్ పరిసరాల్లో ఆ దిశగా చట్టబద్ధమైన ఆటంకమేమీ కనిపించదు, సంకల్పమే కొరవడింది.

ఉలురు ఉదాహరణ మరొక అంశాన్ని ముందుకు తెస్తుంది. 1985 అక్టోబరు 26న ఆ భూమి హక్కును అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చి, వారినుంచే ప్రభుత్వం 99 ఏండ్ల కౌలుకు తీసుకొంది. నిర్వాహక మండలిలో వారిదే ఆధిక్యం. ఆ మండలి నిర్ణయంతో 2019 అక్టోబరు 26నుంచి శిలను ఎక్కడం నిషిద్ధమైంది. కొన్ని స్థలాలను ఛాయాచిత్రం తీయరాదు. కొన్ని కథలు బయటివారికి చెప్పరు. చెప్పే హక్కుతోపాటు చెప్పకుండా ఉండే హక్కు కూడా మార్గదర్శికి ఉందని దీనివల్ల తెలుస్తుంది. యానాదుల మూలికా వైద్యం విషయంలో ఇది కీలకం. 2002 జీవవైవిధ్య చట్టం సంప్రదాయ జ్ఞానంవల్ల కలిగే లాభంలో ఆ జ్ఞానం గలవారికి వాటా కల్పించింది. స్థానిక సంస్థల స్థాయిలో ప్రజా జీవవైవిధ్య పట్టికలు తయారుచేయాలని నిర్దేశించింది. యాత్రికుల ముందు ఏ మొక్క గుణం చెప్పాలి, ఏది చెప్పకూడదు అన్న నిర్ణయం పట్టికలో పేరు నమోదైనవారిదే కావాలి. వారి అనుమతి లేకుండా బస యజమాని తన కరపత్రంలో ఆ జ్ఞానాన్ని అచ్చువేయడం జెర్డన్ నాటి పద్ధతిని కొనసాగించడమే.

తెలుగు శాఖల పరిశోధకులకు ఇందులో నేరుగా చేయదగిన పని ఉంది. జెర్డన్ నమోదు చేసిన తెలుగు పక్షినామాల్లో ఎన్ని నేటికీ ఇరకం, వేనాడు, సూళ్లూరుపేట పరిసరాల యానాది కాలనీల్లో పలుకుబడిలో ఉన్నాయో సరిపోల్చి చూడాలి. ఫ్లెమింగోను నిఘంటువులు పూకొంగ అన్నాయి. పత్రికలు రాజహంస అంటున్నాయి. పండుగ పేరు ఆంగ్లంలోనే నిలిచింది. రేవులో పడవవారు దానిని ఏమని పిలుస్తారో వినడానికి నవంబరునుంచి ఫిబ్రవరివరకు అనువైన కాలం. అప్పుడు పక్షీ నీటిమీదే ఉంటుంది, పడవా నీటిమీదే ఉంటుంది. చెప్పినవారి పేరు, ఊరు వారి సమ్మతితో ప్రతి మాట పక్కన నమోదు కావాలి. మార్గదర్శుల శిక్షణకు మొదటి పాఠ్యాంశం ఆ జాబితానుంచే తయారుచేయవచ్చు.